నాగవల్లికి ఎన్ని భాషలొచ్చు?

దసరా సెలవులకు కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడంటే తెనాలిలోని ఆ ఇంట్లో ఒక తంతు తప్పదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏదో ఒక చానెల్‌లో 'చంద్రముఖి' వస్తుంది. రాకపోతే అతనే ఫోన్‌లో వెతికి టీవీకి తగిలిస్తాడు. పక్కన పడక కుర్చీలో తల్లి. జువాలజీ లెక్చరర్‌గా 31 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఇద్దరి మధ్యా గిన్నెడు జంతికలు. వాళ్లు దెయ్యం సినిమా చూసి భయపడటానికి కూర్చోరు. తప్పులు పట్టడానికి కూర్చుంటారు.

మొదటి తప్పు ఎప్పుడూ ఆమే పడుతుంది. పాము. ఆ బంగళాలో అంత పొడవు పాము ఎందుకుంది, ఏం తిని బతుకుతోంది, ఏ జాతిది, చివర్లో ఎందుకు వెళ్లిపోయింది? కథలో ఒక్కదానికీ జవాబు లేదు. గదిలో దెయ్యం లేదని, ఉన్నది ఓ ఇల్లాలి మనసులోని గాయమేనని డాక్టరు రెండున్నర గంటలు కష్టపడి నిరూపిస్తాడు. పాము మాత్రం ఏ నిరూపణకూ లొంగకుండా పాక్కుంటూ పోతుంది. "సైన్సు చెప్పే సినిమాలో సైన్సుకు అందని జీవి అదొక్కటేరా" అంటుందామె. పాముకు కోరిక లేదు, పగ లేదు, కథలో పనీ లేదు. మలయాళ మాతృకలో అది లేనే లేదు. 2004లో కన్నడ 'ఆప్తమిత్ర'లో దూరింది. అక్కడి నుంచి తమిళానికి పాకింది.

ఈ కుటుంబ వృక్షాన్ని ఒకసారి గీసుకుంటే తప్ప మిగతా తప్పులు అర్థం కావు. మూలం 1993లో వచ్చిన 'మణిచిత్రతాళు'. రచన మధు ముట్టం, దర్శకత్వం ఫాజిల్. మోహన్‌లాల్, సురేశ్ గోపి, శోభన. అందులో గంగగా నటించిన శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. పదకొండేళ్ల తర్వాత పి.వాసు దాన్ని కన్నడంలో విష్ణువర్ధన్, సౌందర్యలతో తీశారు. ఆ మరుసటేడు ఆయనే రజనీకాంత్, జ్యోతికలతో తమిళంలో 'చంద్రముఖి' తీశారు. అది చెన్నై శాంతి థియేటర్‌లో 800 రోజులకు పైగా ఆడింది. 2007లో ప్రియదర్శన్ హిందీలో 'భూల్ భులయ్యా' తీశారు. ఇక్కడిదాకా అందరూ చెప్పింది ఒకే కథ. 2010 నుంచి మొదలైంది అసలు గందరగోళం. కన్నడంలో 'ఆప్తరక్షక', తెలుగులో వెంకటేశ్ 'నాగవల్లి', హిందీలో 2022, 2024లలో మరో రెండు 'భూల్ భులయ్యా'లు, తమిళంలో 2023లో 'చంద్రముఖి 2'. ఒక్క తాళం వేసిన గది కోసం ఇన్ని తాళం చెవులు!

కొడుకు పట్టే మొదటి తప్పు భాష గురించి.

"అమ్మా, అసలు గంగకు ఆ భాష ఎలా వచ్చిందో చెప్పు ముందు."

"మీ మేనత్త మనవరాలికి కొరియన్ ఎలా వచ్చిందిరా? సీరియళ్లు చూసి రాలేదూ?"

జోకు అలా ఉంచితే, భాషే ఈ సినిమాల గుండెకాయ. మలయాళ గంగ ఒంట్లోకి వచ్చేది తంజావూరు నర్తకి నాగవల్లి. ఆమె మాట తమిళం. కన్నడ గంగ నోట పలికేది తెలుగు. తమిళ గంగను పూనిన చంద్రముఖిది ఆంధ్ర దేశం. అందుకే తమిళ ప్రేక్షకులు 'రారా' అనే తెలుగు పాటకు అన్నేళ్లు ఊగిపోయారు. ఆ సినిమా తెలుగులోకి డబ్ అయ్యేసరికి అదే పాట 'వారాయ్' అంటూ తమిళమైపోయింది. లేకపోతే తెలుగు మాట్లాడే గంగ తెలుగు మాట్లాడితే వింతేముంది? హిందీలో మంజులిక బెంగాలీ. అంటే దెయ్యం ఎప్పుడూ పక్క రాష్ట్రం నుంచే వస్తుంది. సొంత భాషలో మాట్లాడే దెయ్యం ఎవరినీ భయపెట్టలేదని దర్శకులందరూ ఒక ఒప్పందానికి వచ్చినట్లుంది. భాషాప్రయుక్త రాష్ట్రాల దేశంలో ఇదో విచిత్రమైన గౌరవం. మనవాళ్లు తమిళుల పాలిట దెయ్యం, తమిళులు మన పాలిట దెయ్యం.

నేర్చుకోని భాష పూనకంలో వస్తుందా? అమెరికా మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్ దీన్నే పరిశోధించి 1984లో ఒక పుస్తకం వేశారు. అందులోని ఒక కేసు మన దేశానిదే. నాగపూర్‌కు చెందిన ఓ మరాఠీ మహిళ 1970లలో ఉన్నట్టుండి పాతకాలపు బెంగాలీ గృహిణిలా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆయన దాన్ని పూర్వజన్మ వైపు లాక్కెళ్లారు. ఆమె అంతకుముందే బెంగాలీ చదవడం కొంత నేర్చుకుందన్న సంగతిని విమర్శకులు ఎత్తిచూపారు. చెవిన పడిన భాష, కంటబడిన లిపి మనసు అడుగున ఎక్కడో పేరుకుని ఉంటుంది. మన దగ్గర ఏ పట్నంలో పెరిగినా మూడు భాషలు చెవిన పడతాయి. కాబట్టి భాష విషయంలో గంగను క్షమించేయవచ్చునని ఆ ఇంట్లో తీర్మానం.

క్షమించలేనివి వేరే ఉన్నాయి. ఒంటి చేత్తో మంచం ఎత్తేయడం అందులో ఒకటి. మనసు చెదిరినంత మాత్రాన కండలు పెరగవని తల్లి వాదన. ఆవేశంలో మనిషికి బలం పెరగడం నిజమేగానీ దానికీ ఓ హద్దుందంటుంది. చీరకు నిప్పంటుకోవడం ఇంకొకటి. ఇంట్లో జరిగే వింతలన్నీ గంగే చేస్తోందని తర్వాత తేలుతుంది. మరి తన చీరకు తానే నిప్పంటించుకుని, అది తనకే తెలియకుండా ఎలా ఉంది? పైగా ఒకే మనిషి అన్ని చోట్లా, సరైన సమయానికి, ఎవరి కంటా పడకుండా ఎలా తిరిగింది? ఇంటినిండా జనం ఉన్నారు కదా! మూల చిత్రం ఇక్కడ కొంచెం మోసం చేసింది. మొదటి సగంలో ప్రేక్షకుణ్ని భయపెట్టడానికి దెయ్యం సినిమా పద్ధతులు వాడుకుంది. రెండో సగంలో అవన్నీ మానసిక శాస్త్రం ఖాతాలో రాసేసింది. లెక్క పూర్తిగా సరిపోలేదు. అయినా ముప్పై ఏళ్లు దాటినా జనం దాన్ని వదల్లేదు. 2024 ఆగస్టులో కొత్త ప్రింటుతో మళ్లీ థియేటర్లకొస్తే వెళ్లి చూశారు.

ఎందుకు? లెక్క తప్పినా మనిషి తప్పలేదు గనుక. గంగ ఎందుకలా అయిందన్న దానికి ఆ సినిమా దగ్గర జవాబుంది. తల్లిదండ్రులు కలకత్తాలో, పిల్ల కేరళలో అమ్మమ్మ దగ్గర. కథలు వింటూ, ఒంటరిగా పెరిగింది. పదో తరగతి పరీక్షల వేళ అమ్మానాన్నలు హఠాత్తుగా ఊడిపడి తమతో తీసుకెళతామంటారు. తనకు తెలిసిన ప్రపంచం నుంచి పెకలిస్తున్నారన్న భయంతో ఆ పిల్ల మనసు మొదటిసారి చెదురుతుంది. పెళ్లయ్యాక భర్త మంచివాడే, కానీ పనిలో మునిగిపోయేవాడు. పాత ఇల్లు, నిండా ఖాళీ సమయం, తాళం వేసిన గది, అందులో ఓ స్త్రీ నగలు, చీరలు, గజ్జెలు. ప్రేమించినవాణ్ని కాదని బలవంతాన తెచ్చి బంధించిన పరాయి ఊరి పిల్ల కథ. నాగవల్లి గంగలో దూరిందా, గంగే నాగవల్లిలో దూరిందా? ఎదుటింట్లో కాబోయే అల్లుడు ఉండటం దగ్గర్నుంచి దుర్గాష్టమి దాకా ప్రతిదీ ఆ పాత కథలోని ఖాళీలను పూరిస్తూ పోతుంది. ఆమెకు నాగవల్లి మీద జాలి ముందు, పూనకం తర్వాత. ఈ వరస తిరగబడితే సినిమా లేదు.

ఇక్కడే తల్లి టీవీ మీద నుంచి చూపు తిప్పేస్తుంది. ఆమెకో పిన్ని ఉండేది.

1970ల మధ్య నాటి మాట. పిన్నికి పదహారేళ్లకే పెళ్లయింది. కృష్ణా తీరంలో ఓ పల్లె. భర్తది భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. ఏడాదికోసారి వచ్చేవాడు. అత్తవారింట్లో ఆమెకు ముందొచ్చిన తోటికోడలు బావిలో పడి చనిపోయింది. పడిందో, దూకిందో ఆ ఇంట్లో ఎవరూ చెప్పేవారు కాదు. ఆమె గదే పిన్నికిచ్చారు, ఆమె ట్రంకు పెట్టెతో సహా. రెండో ఏడాది నుంచి దీపాలు పెట్టే వేళకు పిన్ని గొంతు మారేది. ఎన్నడూ చూడని ఆ తోటికోడలి మాట తీరులో మాట్లాడేది. ఆమెకు మాత్రమే తెలిసిన సంగతులు చెప్పేదని ఊరంతా అనుకున్నారు. గాలి సోకిందన్నారు. వేపమండలు, తాయెత్తులు, ముగ్గులు, నిమ్మకాయలు. పదకొండు అమావాస్యలు ఓ గుడికి తిప్పారు. జుట్టు పట్టుకుని "ఎవరు నువ్వు? ఎందుకొచ్చావు?" అని అడిగేవారు. దెయ్యాన్ని అడిగిన ఆ రెండో ప్రశ్న పిన్నిని ఎవరూ అడగలేదు. పన్నెండేళ్ల పిల్లగా అది దగ్గరుండి చూసిన మనిషి తర్వాత జువాలజీ చదివింది.

సినిమాలో డాక్టరు సన్నీ చేసిందల్లా ఆ ప్రశ్నను సరైన మనిషికి వేయడమే. గంగ చిన్నతనం గురించి ఆరా తీస్తాడు. నాగవల్లితో మాట్లాడతాడు, బేరమాడతాడు. 1993 నాటికి ఆ జబ్బుకు పుస్తకాల్లో ఉన్న పేరు బహుళ వ్యక్తిత్వం. మరుసటేడే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌గా మార్చింది. ఇదే సంఘం 2013లో వెలువరించిన మాన్యువల్, కొన్ని సమాజాల్లో ఈ రుగ్మత పూనకం రూపంలో కనిపిస్తుందని లక్షణాల్లోనే చేర్చింది. అంటే పిన్ని పుస్తకాలకెక్కడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

సన్నీ వైద్యం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. దుర్గాష్టమి రాత్రి నాగవల్లి చేతికి కత్తి ఇచ్చి, భర్తను చూపించి, తిరగబడే చెక్క మీద చివరి క్షణంలో బొమ్మను పెట్టి నరికించడం, దాంతో పగ తీరి రోగం పోవడం. ఈ జబ్బుకు చికిత్స ఏళ్ల తరబడి సాగే సంభాషణ. ఒక్క రాత్రి నాటకం కాదు. చెక్క ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగి ఉంటే డాక్టరు హత్యకు సాయం చేసిన ముద్దాయి అయ్యేవాడు. రోగి భర్త ప్రాణాన్ని పణంగా పెట్టే వైద్యుణ్ని ఏ వైద్య మండలి ఊరుకుంటుంది? కొడుకు ఇక్కడ గట్టిగా నవ్వుతాడు. తల్లి నవ్వదు. మంత్రగాడు, డాక్టరు ఒకే జట్టుగా నిలబడ్డ దృశ్యం అది. మంత్రగాడికి డాక్టరు మీద గౌరవం. డాక్టరుకు తంతు మీద చిన్నచూపు లేదు, నమ్మకమూ లేదు. ఆ రాజీ తెలివైనదా, ప్రమాదకరమైనదా? 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో ఓ పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. ప్రార్థనతో నయమవుతుందని కుటుంబాలు తెచ్చి వదిలిన వాళ్లు. రోగులను గొలుసులతో కట్టడాన్ని నిషేధిస్తూ చట్టం రావడానికి 2017 దాకా పట్టింది. ఈ వెనుక చరిత్ర తెలిసిన వాళ్లకు, ఒక పాపులర్ సినిమా మంత్రగాడి నోటితోనే "ఇది డాక్టరు పని" అనిపించడం చిన్న విషయంగా కనిపించదు.

అందుకే సీక్వెల్స్ మీద ఆమెకు కోపం. అక్కడ తప్పు పాముది కాదు, మంచానిది కాదు. 'ఆప్తరక్షక', 'నాగవల్లి'లలో దెయ్యం నిజమైపోయింది. అంతేకాదు, శతాబ్దం నాటి ఆ రాజు ఇంకా బతికే ఉన్నాడట! కొడుకు వేలు మడిచి లెక్కపెడతాడు. రాజు బతికుంటే మొదటి భాగంలో నర్తకి ఎవరి మీద పగ తీర్చుకున్నట్టు? బొమ్మను నరికి తృప్తిపడి వెళ్లిపోయిన ఆత్మ మళ్లీ ఎందుకొచ్చింది? గోడలు దాటగల ఆత్మకు నూరేళ్లలో రాజు అడ్రసు దొరకలేదా? తెలుగు 'నాగవల్లి'లో వెంకటేశ్ డాక్టరూ, రాజూ తానే అయి రెండు పాత్రలూ ఉత్సాహంగా చేశారు. అనుష్క నృత్యమూ బాగుంది. కానీ పూనిన అమ్మాయి ఎవరైనా ఒకటే. పటం చూసింది, పూనింది. ఆమె చిన్నతనంతో ఎవరికీ పనిలేదు. 'చంద్రముఖి 2'లో అయితే రాజు అసలు రాజే కాదు, రాజు పేరు పెట్టుకున్న సేనాని అని తేల్చారు. రెండు దెయ్యాల మధ్య పాత పగ. మధ్యలో మనుషులు అద్దె ఇళ్ల లాంటి వాళ్లు.

దెయ్యం నిజమని ఒప్పుకున్న క్షణంలో వెనక్కి వెళ్లి మొదటి సినిమా కూడా అబద్ధమవుతుంది. గంగకు జబ్బు లేదు, నిజంగానే దెయ్యం పట్టింది, డాక్టరు పొరబడ్డాడు, ఆమె కన్నీళ్లు ఆమెవి కావు. కథలో ఇంతకన్నా పెద్ద చిల్లు ఏముంటుంది?

దీనికి కారణం మరీ రహస్యమేం కాదు. హీరో. మలయాళంలో మోహన్‌లాల్ తెర మీదికి వచ్చేసరికి దాదాపు సగం సినిమా అయిపోతుంది. అప్పటిదాకా ఇల్లు గంగది. తమిళంలో రజనీ మొదటి ఫైటుతోనే దిగుతారు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, టికెట్టు కొన్నది ఆయన కోసమే. కానీ హీరో ఎంత ముందుకొస్తే గంగ అంత వెనక్కి జరిగింది. సీక్వెల్‌కు వచ్చేసరికి హీరో స్థాయికి ఒక ఇల్లాలి చిన్ననాటి గాయం సరిపోలేదు. ఢీకొనడానికి నిజం దెయ్యమే కావాల్సి వచ్చింది.

హిందీవాళ్లు మరో దారి పట్టారు. 2022 సినిమాలో అంజులిక, మంజులిక అని కవలలు. టబు రెండూ చేశారు. గదిలో బంధించిన ఆత్మ మంచిది, ఇంట్లో తిరుగుతున్న మనిషి చెడ్డది. మలుపు బాగుంది, టబు ఇంకా బాగున్నారు. చెడ్డ మనిషికి ఉన్న కారణం మాత్రం అసూయే. 2024 నాటి మూడో భాగంలో ఓ చిత్రం జరిగింది. విద్యాబాలన్, మాధురీ దీక్షిత్‌లను ఎదురెదురుగా నాట్యమాడించి, చివరికి అసలు పగ ఓ రాకుమారుడిదని తేల్చారు. ఆడపిల్లలా అలంకరించుకుని నర్తించడం ఇష్టమైన రాకుమారుణ్ని తండ్రే సజీవదహనం చేయించాడట. సినిమా అంతా అల్లరి చిల్లరగా నడిచినా ఆ పది నిమిషాల్లో "ఎందుకు" అన్న ప్రశ్న మళ్లీ వినిపించింది. తల్లి జంతిక పక్కన పెట్టి చూసిన సీను అదొక్కటే.

తెర వెనక జరిగినవి చూస్తే సినిమా కన్నా చిత్రం. 'ఆప్తమిత్ర' విడుదలకు ముందే, 2004 ఏప్రిల్ 17న సౌందర్య చనిపోయారు. ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన చిన్న విమానం బెంగళూరు జక్కూరులో కూలిపోయింది. 'ఆప్తరక్షక' విడుదలకు ముందే, 2009 డిసెంబర్ 30న విష్ణువర్ధన్ కన్నుమూశారు. అంతే, నాగవల్లి శాపమన్న ప్రచారం మొదలైంది. దెయ్యం లేదని చెప్పడానికి తీసిన సినిమాకు దెయ్యం పట్టించారు జనం.

ఇంకొక సంగతి. మలయాళ గంగకు గొంతు ఇచ్చింది డబ్బింగ్ కళాకారిణి భాగ్యలక్ష్మి. తమిళ నాగవల్లి గొంతు కూడా ఆమెదేనని లోకమంతా రెండు దశాబ్దాలకు పైగా నమ్మింది. అది తమిళ డబ్బింగ్ కళాకారిణి దుర్గదని ఫాజిల్ 2016లో బయటపెట్టారు. దేశమంతా భయపడ్డ గొంతు, ఎవరిదో ఎవరికీ తెలియని గొంతు. ఇది చదివిన రోజు తల్లి చాలాసేపు మాట్లాడలేదట.

"పిన్నమ్మమ్మకు ఎలా తగ్గిందమ్మా చివరికి?" అని మొన్నటి దుర్గాష్టమి నాడు అడిగాడు కొడుకు. ఇన్నేళ్లుగా ఎప్పుడూ అడగలేదు.

బాబాయికి భిలాయ్‌లో క్వార్టర్ వచ్చింది. భార్యను తీసుకెళ్లాడు. ఆ తర్వాత గొంతు మారలేదు. పదకొండో అమావాస్య ఫలితమని ఊళ్లో అన్నారు. గుడికి ఇత్తడి గంట చేయించి ఇచ్చారు. క్వార్టరుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పిన్ని అక్కడ హిందీ, ఛత్తీస్‌గఢీ నేర్చుకుని, ఇరుగుపొరుగుకు ఆవకాయ పెట్టడం నేర్పి, పెద్ద వయసులో పోయింది. వెళ్లేటప్పుడు ఆ తోటికోడలి ట్రంకు పెట్టెను మాత్రం అత్తవారింట్లో వదల్లేదు. వెంట తీసుకెళ్లింది. చివరిదాకా దగ్గరే ఉంచుకుంది.

"అందులో ఏముండేది?"

"రెండు చీరలు, ఓ రంగం పెట్టె. ఎందుకు పిన్నీ ఇంకా ఇవి అని ఒకసారి అడిగా. పాపం, దానివి ఎవరుంచుతారే అంది."

టీవీలో అప్పటికి కత్తి దిగింది. బొమ్మ తల ఎగిరిపడింది. గంగ స్పృహ తప్పింది. పాము తన దారిన తాను వెళుతోంది.